వాసుదేవ్ తండ్రి పేరు

హలో… ఆఁ, ప్రేమలతనే. ఎవరు?

…

చంద్రకాంత్‌వా? కడుపుతోని ఉన్న నన్ను ఇడిసిపోయి ఇరవై ఆరేండ్లు. ఇయ్యాల దొరికిందా నా నంబరు.

— ఓ, పెండ్లికార్డు సూసినవా. అవు, నా కొడుకుదే, వాసుదేవ్‌ది.

… తప్పేం పడలే. తండ్రి పేరు కాడ మా అన్న ఓదెలు పేరే కొట్టిచ్చిన.

— మళ్ల అచ్చెయ్యాల్నా? నీ పేరుతోని? … వెలిమెల ఊర్ల మీ భూమితోపాటు సిగ్గు సుత అమ్ముకున్నట్టున్నవ్.

… పంతులా? ఏమన్నడు పంతులు? … ఆఁ… వాసుదేవుడంటె వసుదేవుని కొడుకు. నందుని ఇంట్ల పెరిగినా కన్నతండ్రి పేరే నిలబడ్డది. … మంచిగనే నేర్చుకొని వచ్చినవ్.

మరి వసుదేవుడు ఏం జేసిండో అడగలేదా? జైలు నుంచి, గంత వానల, పసిగుడ్డును నెత్తిన పెట్టుకొని యమున దాటిండు. నువ్వు నా కాన్పుకు బొంబాయి రోడ్డు దాటి పటాన్‌చెరు దవాఖానకు రాలే. ఆటోలు నడుస్తనే ఉండె.

… మీ నాయిన వద్దన్నడా. కంసుడా మీ నాయిన?

— ఆగు. ఆ పేరు పెట్టింది ఎవరో ఎరుకనా నీకు? నేను. వాడు పుట్టిన దినం ఒక్కతీరుగ వాన. వసుదేవుని లెక్క నువ్వు వస్తవనుకొని పెట్టిన. తొట్టెలల ఏసే దినం దాంక దర్వాజ దిక్కే సూసిన… నా అంత పిచ్చిది ఎవలన్న ఉంటరా.

…

ఎవరొచ్చిన్రంటె, మా అన్న. కంపెనీల డ్యూటీ దిగి సీదా దవాఖానకే వచ్చిండు. తన రెయిన్‌కోటు పిల్లగానికి కప్పి, తను తడుస్కుంట ఇస్నాపూర్ కిరాయి రూముకు ఎత్తుకొచ్చిండు. పెండ్లి సుత చేసుకోలే వీన్ని పెంచుకుంట. నీ పంతులునడుగు, వసుదేవుడు ఎవడో.

— ఏంది? … రక్తమా. మాట్లాడకు ఆ మాట.

… వాసుకు ఇయ్యాల్నా ఫోన్? సరే, వాన్నే అడుగుత.

వాసూ… ఫోన్ల చంద్రకాంత్ అట. మాట్లాడుతవా?

…

ఇనవడ్డదా? … లేదా. నేను చెప్త. "బాపుకు పెండ్లిబట్టలు కొనాలె, బండి తీసిన, జల్దీ రా అమ్మా" అంటున్నడు కింది నుంచి.

… నీకా? నీకు బట్టలెందుకు కొంటడు.

మామ అని పిలువుమని ఎంత నేర్పినా, సిన్నప్పటి సంది బాపు అనే పిలుస్తడు మా అన్నను.

… ఇగ పెడుతున్న. బాపు కిందనే నిలబడ్డడు.