అమ్మమ్మ మాన్యం, గుడి బ్రోషరు

"ఆంటీ, గుడిలో మీ డాన్స్ క్లాసులు ఎందుకు ఆగిపోయాయి?"

ఆగిపోలేదమ్మా, ఆపారు. కూర్చో, ఆ హీటర్ ఇటు తిప్పు, ఈ గరాజ్‌లో చలి. అమెరికాలో ఈ ఎడిసన్ ఊరికి వచ్చి ఇన్నేళ్ళయినా అలవాటు కాలేదు.

గుడి చైర్మన్ డాక్టరు గారు ఉన్నారే, మంచివాడే, నా బీపీ మాత్రలు ఆయన రాసినవే. మైకు దొరికితే మాత్రం ఒకటే మాట. రాజుల కాలంలో ధర్మప్రభుత్వం కళల్ని పోషించింది, అలాంటిది మళ్ళీ రావాలీ అని. ఆ పోషణ మా ఇంట్లోనే జరిగింది కదా, నాకు తెలీదూ?

మా అమ్మమ్మ రత్నం కోనసీమలో ఒక గుడిలో ఆడేది. రాజావారు రెండెకరాల మాన్యం ఇచ్చారు. రెండు కాదులే, ఎకరన్నర, అరెకరం మద్దెల వాయించే ఆయనది. ఎప్పుడిచ్చారూ, ఏడేళ్ళ పిల్లకి దేవుడి పేరున తాళి కట్టాక. జ్వరమొచ్చినా ఉత్సవానికి ఆడాల్సిందే. ఆడని ఏడాది పంట గుడివాళ్ళే కోసుకుపోయేవారు. పోషించలేదని అబద్ధం చెప్పను. ఆ ధాన్యం లేకపోతే ఆవిడ పాడి ఆడిన ఆ పదాలు మనదాకా వచ్చేవి కావు. ఆవిణ్ణి గుడికి కట్టేశారు కూడా. రెండూ కలిపి చెప్పమంటాను, అంతే.

ఆవిడ కూర్చునే అభినయం పట్టేది, తనే పాడుకుంటూ. ఎవరింట్లో ఉండి వస్తున్నావయ్యా అని దేవుణ్ణి నిలదీసే పదం. నాకూ నేర్పింది.

సరే, గుడి కొత్త హాలు ఓపెనింగ్‌కి నన్ను ప్రోగ్రామ్ చెయ్యమన్నారు. డాక్టరు గారు మా ఇంట్లో కాఫీ తాగుతూ, "టీచర్ గారూ, మీది పండితుల కుటుంబం అని బ్రోషర్‌లో వేయిస్తాం. మీ అమ్మమ్మగారి సంగతి పిల్లల ముందెందుకు? ఆ పదం కూడా వద్దు, భజన చేయించండి" అన్నాడు.

సరే అన్నాను. అన్నానమ్మా, దాచను. నలభైమంది పిల్లలు, హాలు పోతుందేమోనని భయం. బ్రోషర్ వచ్చింది. నా పేరు కింద పండితుల కుటుంబం. అమ్మమ్మని నేనే గుమ్మంలోంచి గెంటేసినట్టయింది.

ఆ రోజు స్టేజీ ఎక్కి, మైకు కిందకి దించమని, కూర్చున్నాను. "మా అమ్మమ్మ రత్నం. గుడిలో దేవదాసి. ఇది ఆవిడ నేర్పిన పదం" అని మొదలుపెట్టాను. డాక్టరు గారు ఫోన్ చూసుకున్నాడు. ఆయన భార్య మాత్రం చివరిదాకా కళ్ళార్పలేదు.

వారం తిరక్కుండా మెయిల్ వచ్చింది, రెనొవేషన్ వల్ల క్లాసులకి హాలు ఇవ్వలేమని. కొత్త హాలుకి రెనొవేషన్, చూశావా. నలభైమందిలో తొమ్మిదిమంది ఈ గరాజ్‌కి వచ్చారు. పదోదానివి నువ్వు.

నీ యూనివర్సిటీలో ఏదో ఆర్ట్స్ గ్రాంటుకి అప్లై చేస్తానన్నావుగా. చెయ్యి. గుడిచ్చినా, గవర్నమెంటిచ్చినా తీసుకో, తప్పేం లేదు. నేర్పినవాళ్ళ పేరు కొట్టేయమంటే మాత్రం సంతకం పెట్టకు, నాలాగా ముందు తలూపి తర్వాత ఏడవకు. వందేళ్ళు ఆడు తల్లీ. నీకు ఆడాలనిపించిన రోజునే ఆడు.