రెండోసారి వాదన

ఎమ్మిగనూరులో నాటకమాడి, పొద్దున్నే ఆదోని బస్సెక్కారు. ముఖాన రంగు ఇంకా వదలని జడ్జి వేషగాడిని చూసేకొద్దీ నాటకం మేష్టరుకు ఒళ్లు మండిపోతోంది.

"ఖూనీ చేసినోనికి ఉరిశిక్ష ఎయ్యమని నేను రాసుంటే, ఎట్ల ఇడిసిపెడ్తివప్పా?"

"వకీలు వాదన బాగుందని జనం వన్స్ మోర్ అనిరన్నా. ఆయప్ప మళ్లా మొదటినుంచి వాదించె. మొదటిసారి గట్టిగానే ఉంటి. రెండోసారికి మనసు కరిగిపాయ."

"ఉరికంబం కాడ తల్లి పాడే పద్యాలన్నీ గంగలో కలిసె!"

"జనం ఈలలేసినారు గదన్నా."

"వాళ్ల ఈలలు సరే. వాడు పొడిసింది నిజమా, కాదా? మొదటి రంగంలో సచ్చిన సావుకారి వేషం గూడా నీదే గదప్పా!"

"పొడిసినాడన్నా. అయితే ఆ వకీలు సెప్తాంటే, తప్పు నాదేనేమో అనిపిచ్చె."