లింకులక్కగారికి ఒక అసూయాపరుని అభినందన

1991వ సంవత్సరం మార్చి నాలుగో తేదీన, ఈ కార్యాలయంలో జూనియర్ టైపిస్టుగా విధుల్లో చేరి, నేడు పత్రాల విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు మనందరి లింకులక్కగారు. అదే రోజున, అదే గదిలో, అదే హోదాలో నేనూ చేరాను. ఈ వీడ్కోలు సంచికలో ఆ సంగతి మరెవరూ రాయరు గనుక నేనే రాసుకుంటున్నాను.

అక్కగారు సౌమ్యులు, మితభాషులు, సమయపాలనలో ఆదర్శప్రాయులు. సమయానికి నేనూ వచ్చేవాడినే, ఎవరూ చూడలేదు. కంప్యూటర్లు వచ్చాక మా ఇద్దరినీ పత్రాల విభాగానికి మార్చారు. ఆసుపత్రి యంత్రాలను వాడే విధానంపై మార్గదర్శక పుస్తకాలు తయారుచేయడం మా పని. యంత్రం అలారం మోగిస్తే, నర్సు కంప్యూటర్ తెర మీద ఆ అలారం పేరు నొక్కగానే ఏం చేయాలో చెప్పే పేజీ తెరుచుకోవాలి. అందుకే ప్రతి పేరుకూ ఒక లింకు.

ఫైలును ఒక ఫార్మాట్ నుంచి మరో ఫార్మాట్‌లోకి మార్చినప్పుడల్లా ఈ లింకులు పోయేవి. పైకి నీలిరంగుతో, కింద గీతతో నిక్షేపంగా కనిపించేవి. నొక్కితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మేమంతా మార్చిన కాపీలో వాటిని ఒక్కొక్కటిగా అతికించుకుంటూ కూర్చునేవాళ్లం. సవరణలు వచ్చి ఫైలును మళ్లీ మారిస్తే కథ మళ్లీ మొదటికే వచ్చేది. అక్కగారు మాత్రం మూలపత్రాన్ని తెరిచి, లింకు చేరవలసిన చోట పెట్టిన గుర్తులను పరిశీలించి, పేరు మధ్యలో ఖాళీ ఉన్న గుర్తులనే మార్పిడి ప్రోగ్రాము వదిలేస్తోందని కనిపెట్టారు. మూలంలోనే సరిచేశారు. ఆ తర్వాత ఎన్నిసార్లు మార్చినా ఆ లింకులు చెక్కుచెదరలేదు. ఆఫీసంతా వారిని నెత్తిన పెట్టుకుంది. "అక్కగారు సీట్లో ఉన్నారాండీ?" అని నన్నే అడిగి, నా బల్ల దాటుకుని వెళ్లేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇంట్లోనైనా మనశ్శాంతి ఉందా? మా అమ్మాయి పరిశోధన గ్రంథంలో విషయసూచిక లింకులు పోయాయంటే, చొక్కా చేతులు మడుచుకుని కూర్చోబోయాను. "నీకెందుకులే నాన్నా శ్రమ, అత్తకి పంపేశాను" అంది. ఆ అత్త మన అక్కగారే. సాయంత్రానికల్లా సరిచేసి పంపారు కూడా.

అటువంటి అక్కగారూ ఒకసారి పొరబడ్డారు. శ్వాసయంత్రం పుస్తకంలో లింకులన్నీ బాగున్నాయని పంపించేశారు. మర్నాడు ఆసుపత్రి నుంచి ఫోను: "అమ్మా, దేన్ని నొక్కినా ఫైలు దొరకలేదంటోంది!" ఆ లింకులన్నీ అక్కగారి కంప్యూటర్‌లోని ఫోల్డరుకే దారి చూపిస్తున్నాయి, అందుకే అక్కడ పనిచేశాయి, ఇంకెక్కడా పనిచేయలేదు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నా ఆనందానికి హద్దులేదు. నేను అధికారి గదికి చేరేసరికి వారు అప్పటికే అక్కడ నిలబడి, "తప్పు నాదేనండీ. మా ఇంటి దారి నాకు తెలుసు కదాని ఊళ్లో అందరికీ తెలుసనుకున్నాను" అంటున్నారు. అధికారి పకపకా నవ్వి, "కూర్చోండమ్మా, ముందు టీ తాగండి" అన్నారు. అదే నేనైతే? టీ కాదు, మెమో వచ్చేది! వారి పొరపాటు మీద కూడా నాకు అసూయ కలిగిందంటే నా అవస్థ ఊహించుకోండి.

నాటి నుంచి, తయారైన పుస్తకాన్ని వేరొకరి కంప్యూటర్‌లో పరీక్షించాకే పంపాలని వారే నియమం పెట్టుకున్నారు, ఆ వేరొకరిగా నన్ను ఎంచుకున్నారు. ఒక్క తప్పైనా దొరక్కపోతుందా అని ప్రతి లింకూ పట్టుదలగా నొక్కేవాడిని. దొరికిన రోజు పండగే.

వచ్చే నెల నుంచి మన పుస్తకాలన్నీ కొత్త ఫార్మాట్‌లోకి మారుతున్నాయి. అక్కగారిని ఇంకో ఏడాది ఉండమని పెద్దలు బతిమాలుతుంటే నా గుండెల్లో రాయి పడింది. ఈ ఒక్క పనైనా నా చేతికి రాకపోతే, నేనూ ఇక్కడ పనిచేశానని ఎవరికి గుర్తుంటుంది? అక్కగారే వద్దన్నారు. "మరి ఎవరికి అప్పగించమంటారు?" అని అధికారి అడిగితే, నిండు సమావేశంలో నా వైపు చూపించారు.

"ఇదిగో, మా తమ్ముడికి. మీరంతా నన్ను నమ్మి ఊరుకున్నారు. ఆయనొక్కడే నమ్మలేదు, అన్నీ నొక్కి చూశాడు. పుస్తకాలు బాగున్నాయంటే సగం ఆయన చలవే."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా కుళ్లుబోతుతనాన్నంతా పక్కన కూర్చుని చూస్తూనే, దాన్ని నా సేవ కింద జమకట్టారు మహాతల్లి.

సోమవారం నుంచి అందరూ నా బల్ల దగ్గరికే వస్తారు. ఇన్నేళ్లుగా నేను కోరుకున్నది అదే. అక్కగారూ, మీరు ఆయురారోగ్యాలతో, మీ పిల్లాపాపలతో కలకాలం చల్లగా ఉండాలి. అప్పుడప్పుడూ ఇటు వచ్చి, నేను మార్చిన పుస్తకాలు తెరిచి, ప్రతి లింకూ నొక్కి చూడాలి. నేను మిమ్మల్ని నమ్మనట్టుగా నన్ను నమ్మకుండా నొక్కి చూసేవాళ్లు ఇక్కడ ఇంకెవరూ లేరు.