చేప రెండో వైపు

తైవాన్ తూర్పు తీరంలో ఒక చేపల రేవు. మధ్యాహ్న భోజనం దగ్గర అత్తా కోడలూ కూర్చున్నారు. బల్ల మీద మూడు గిన్నెలు, తినే పుల్లలు, మధ్యలో ఉడికించిన చేప ఉన్నాయి.

“ఆగాగు! ఏం చేస్తున్నావ్?”

“ఏం చెయ్యట్లేదు అత్తమ్మా. ఈ వైపు అయిపోయింది, అందుకని...”

“అయిపోతే? తిప్పేస్తావా? ముల్లు లేపి కింది కండ తియ్యి. కాపురానికొచ్చి మూడేళ్ళయింది. చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.”

“తిప్పలేదండీ. పుల్లలు అక్కడ ఆనించానంతే.”

“చేప తిప్పితే పడవ తిరగబడ్డట్టే. ఆ పుల్లలు కూడా గిన్నె మీద అడ్డంగా పెట్టకు. పొద్దున గిన్నెలు కడిగి బోర్లించలేదు కదా?”

“లేదు. వెల్లకిలే పెట్టా. దుమ్ము పడుతోంది.”

“పడనీ. దుమ్ము కడుక్కుంటే పోతుంది.”

“ఆయన నవ్వేవారు. మా అమ్మ కోడిగుడ్డు అట్టు తిరగెయ్యడానికి కూడా భయపడుతుంది అని.”

“నవ్వేవాడేంటి? జిన్‌లోంగ్ నవ్వుతాడు అను.”

“...నవ్వుతారు.”

“ఊఁ. పొద్దున ఆ కోస్ట్‌గార్డ్ ఆయన ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు.”

“ఏమీ అనకుండానే రెండు కప్పుల టీ తాగాడా?”

“వెతుకుతున్నారట. పడవ జాడ ఇంకా...”

“పెయ్‌లింగ్.”

“ఈ రోజుతో ఆపేస్తారట అత్తమ్మా. పన్నెండు రోజులైంది కదా అన్నారు.”

“సూప్ చల్లారిపోతోంది. తాగు.”

“అత్తమ్మా...”

“తాగమన్నానా! కడుపులో ఉన్నదానికి ఆకలేస్తుంది.”

“మీకొకటి చెప్పాలి. చెప్పాక నన్ను పుట్టింటికి పొమ్మన్నా పోతాను.”

“ఏంటే ఆ మాటలు?”

“ఆయన బయల్దేరిన రోజు పొద్దున... మీరు అమ్మవారి గుడికి వెళ్ళారు, అగరొత్తులు వెలిగించడానికి.”

“వెళ్ళా. అయితే?”

“నేను చేప ఉడికించా. ఆయన పై కండంతా తినేసి ఇంకా కావాలన్నారు. రేవు నుంచి ఒకటే పిలుపులు, టైమైపోతోందని. ముల్లు తియ్యడం నాకు చేతకాదు, కండంతా నలిగిపోతుంది. మా ఊళ్ళో...”

“ఏం, మీ ఊళ్ళో?”

“మా టీ కొండల్లో తిప్పుకునే తింటాం. తిప్పేశాను. ఏమీ ఆలోచించలేదు, చెయ్యి దానంతటదే... తిప్పేశాను అత్తమ్మా.”

“వాడు చూశాడా?”

“చూశారు. అమ్మకి చెప్పకు అని కన్ను గీటి, తినేశారు.”

“మొత్తం తిన్నాడా?”

“మొత్తం. చాలా బాగుందన్నారు.”

“కడుపు నిండా తిని వెళ్ళాడన్నమాట.”

“అలా అంటారేంటి! నావల్లే కదా! మీరు గిన్నె బోర్లించొద్దన్నప్పుడల్లా నాకు ఆ చేపే గుర్తొస్తోంది. ఎందుకు వద్దంటున్నారో నాకు తెలుసు. ఇంకా వస్తాడనుకుంటున్నారు. నేనేమో నా చేతులారా ముంచేశాను. తిట్టండి. నాలుగు తగిలించండి. అలా చూస్తూ కూర్చోకండి!”

“ఏడవకు. ఏడవకని చెప్తున్నానా. ఇలా దగ్గరికి రా. ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు.”

“తెలుసు.”

“నీకేం తెలీదు, విను. మా అత్తకి నాకంటే చాదస్తం. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేసేదాన్ని. ఒక్క గిన్నె బోర్లిస్తే ఒట్టు. గుమ్మంలో చెప్పు తిరగబడి ఉంటే, పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తేదాన్ని. మీ మామ తెగ వెక్కిరించేవాడు.”

“మామయ్యగారు పోయింది కూడా...”

“సముద్రంలోనే. జిన్‌లోంగ్‌కి ఆరేళ్ళప్పుడు. అసలు పడవే దొరకలేదు.”

“అప్పుడెవరు తిప్పారు అత్తమ్మా?”

“ఎవరూ తిప్పలేదే, పిచ్చిపిల్లా. ఈ ఇంట్లో ఏ రోజూ, ఏ చేపనీ, ఎవ్వరం తిప్పలేదు.”