మా మూగ మ్యానబావ పడవల క్యాంపు

"అమ్మమ్మా, ఎండకాలం సెలవులల్ల సముద్రం కాడ తెరచాప పడవ నడుపుడు నేర్పుతరట. అమ్మ నన్ను పంపుతనన్నది. అమ్మకు గది అచ్చునట గదా?"

అచ్చునట? ఎవలు జెప్పిండ్రే? మీ అమ్మనే అయ్యుంటది, సగం దాసిపెట్టి చెప్పుంటది. కూసో. ఆ ఫోను జర పక్కకు పెట్టు.

గది తెలంగాణ లొల్లి నడుస్తున్న కాలం బిడ్డ. దినాం బంద్, దినాం ధర్నా, రోడ్ల మీదనే వంటలు. నాకు మా తల్లిగారిల్లు కోరుట్ల పోవాలన్నా బస్సులు లేకపాయె. మీ తాతేమో దుబాయిల ఉన్నడు. గీ వెల్గటూర్ల నేను, మీ అమ్మ స్వరూప, ఇద్దరమే. దానికి ఇంటర్ అయిపోయింది. సముద్రం కాడ ఏదో క్లబ్బోళ్లు పిల్లలకు పడవలు నేర్పుతమని పేపర్ల ఏస్తే, పోత పోత అని ఒక్కటే ఏడుపు.

గిది రాజలింగుకు తెలిసింది. కిరాణం రాజలింగు కాదు, లీడర్ రాజలింగు, బట్టతలాయన. "ఆంధ్రకు పోయి నేర్సుకునుడేంది? మనకు గోదారి లేదా? మన క్యాంపు మనమే పెట్టుకుందాం" అని మైకు పట్టిండు. మే నెలల గోదాట్ల ఏముంటది బిడ్డ? ఇసుక. ఒక్క మడుగుల మాత్రం లోతు నీళ్లు. గా మాటంటే నేను ద్రోహినైతనాయె! ముందుగాల కమిటీ ఏసిండ్రు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, సలహాదారు, అందరు దొరికిండ్రు, పడవే దొరకలె.

ఆఖరికి యాడికెల్లో ఒక పాత పడవ లారీల అచ్చింది. తెరచాప సిరిసిల్లల కొత్తది కుట్టిచ్చిండ్రు, దాని మీద రాజలింగు ఫోటో. గాలి అస్తే ఆయన చెంపలు ఉబ్బుతుండె, గాలి లేకుంటే మొకం ముడుసుకపోతుండె. నవ్వకు, దేవునితోడు.

మరి నేర్పెటోడు మనకాడ ఎవడున్నడు? ఒకనాడు పొద్దుగూకంగ రాజలింగు ఒక మనిషిని మా ఇంటికి తోల్కచ్చిండు. సత్తిబాబట, సముద్రం కాడి మనిషి. "అక్కా, గీయన నోరు తెరిస్తే యాస బయటపడ్తది, క్యాంపు ఇజ్జత్ పోతది. మీ ఇంట్ల పెట్టుకో, మూగోడని చెప్పు" అన్నడు. నాకు మస్తు కోపమచ్చింది. గని స్వరూప మొకం జూసి సరే అన్న. "మా మ్యానబావ, రుద్రంగి ఊరాయన. పుట్టు మూగ. దుబాయిల పడవల మీద పనిజేసచ్చిండు" అని వాడకట్టంత చెప్పిన.

మ్యానబావ అంటే ఊరుకుంటరా మనోళ్లు? నల్ల కాడికి నీళ్లకు పోతే సాలు, "ఏమే, బావ మాట్లాడకున్నా సైగలు మంచిగనే జేస్తుండు గదా" అని పరాచికాలు. ఆయనేమో తలుపేసినంక గలగల మాట్లాడేటోడు. "అక్కగారండీ, కూర మహా బాగుందండీ" అనేటోడు. మంచోడు బిడ్డ, పాపం. బయట మాత్రం అంత చేతులతోటే. తాడు గుంజు, తాడు ఇడువు, అన్నీ సైగలే. మీ అమ్మ ఆయన చేతులు జూసుకుంటనే నేర్సుకున్నది.

ఇగ నేర్పుడు మొదలైన పది దినాలకు ఓపెనింగ్ పెట్టిండ్రు, గానాడు చూడాలె. నీళ్లల్ల మునగకుండ ఏసుకునే జాకెట్లు నాలుగే ఉండె. గవి కమిటీ పెద్దలు ఏసుకున్నరు, ఖద్దరు అంగీల మీద, ఫోటోలకని. ఒడ్డు మీద కుర్సీలల్ల కూసున్నోళ్లకు జాకెట్లు, పడవల ఒక్కతే ఉన్న నా బిడ్డకు లేదు. ఈత రాదు దానికి. "ఒక్కటి ఇప్పు అన్నా" అని బతిలాడిన. "టీవీవోళ్లు అస్తుండ్రక్కా, జర ఆగు" అన్నడు రాజలింగు. అంతల్నే పడవ తోసిండ్రు.

నడి మడుగుల ఉండంగ గాలిదుమారం లేసింది. తెరచాప మీద రాజలింగు మొకం గింత ఉబ్బింది, పడవ ఒక దిక్కు ఒరిగింది. మీ అమ్మ బుగులుకు తెరచాప తాడు ఇంకింత గుంజి పట్టుకున్నది. గుంజినకొద్ది ఒరుగుతదట అది. ఒడ్డు మీదికెల్లి సత్తిబాబు చేతులూపిండు, గని దుమ్ముల దానికేం కనబడ్తది? నా పాణం పోయిందనుకున్న. గప్పుడు మా మూగ మ్యానబావ నోరు తెరిసిండు. "తాడొదిలెయ్! పాపా, తాడొదిలెయ్ అమ్మా!"

ఇడిసింది. పడవ నిలవడ్డది.

ఒడ్డు మీదికెల్లి మా పక్కింటి నర్సవ్వ రెండు చేతులెత్తి, "కొండగట్టు అంజన్న మాటిచ్చిండో!" అని మొక్కింది. ఎన్కకెల్లి ఎవడో, "మాటైతే ఇచ్చిండు గని యాస తప్పు ఇచ్చిండు" అన్నడు. ఇగ పోరగాళ్లు కట్టెలు పట్టుకొని ముందుకచ్చిండ్రు. నేను పోయి సత్తిబాబు ముందు నిలవడ్డ. "అవు, ఆంధ్రాయనే. తెచ్చింది మీ లీడర్, బువ్వ పెట్టింది నేను. నా బిడ్డ పాణం నిలవెట్టిండు. ఎవడు చెయ్యేస్తడో ఎయ్యుండ్రి" అన్న.

రాజలింగు తక్కువోడా? మైకు అందుకున్నడు. "చూసిండ్రా, మన పోరాటం జూసి మూగోళ్లు సుత మాట్లాడుతుండ్రు!" అన్నడు. అందరు సప్పట్లు. జాకెట్ మాత్రం అప్పటికీ ఇప్పలె, నీయవ్వ!

తెల్లారి సత్తిబాబు పోయిండు. మల్యాల దాకా ఆటోల నేనే తోలిచ్చిన. రాష్ట్రం అచ్చింది, రాజలింగుకు పదవి సుత అచ్చింది. సత్తిబాబు మాత్రం ఏడున్నడో...

పో బిడ్డ, మంచిగ నేర్సుకో. ముందుగాల జాకెట్ ఏసుకో, ఎవలు ఫోటోకు అడిగినా ఇయ్యకు. ఆడ మూగదానిలెక్క ఉండకు, మన మాటే మాట్లాడు, నవ్వితే నవ్వనియ్. సల్లంగుండు. ఇగ ఆ దిక్కు సత్తిబాబు అనే ముసలాయన కనబడితే, "వెల్గటూర్ల నీ మరదలు అడిగింది" అని చెప్పు. బువ్వ తిన్నడో లేదో కనుక్కో...