గ్రహణం పూట మా అత్త ఫోటో

"జేజీ, జేజినాయన కెమెరాలో మీటరే లేదు కదా. వెలుతురు ఎంతుందో ఆయనకు ఎట్ల తెలుస్తాండె?"

ఎట్లంటే ఏం సెప్పేదమ్మా... నీడను సూసి. ఆదోనిలో మా స్టూడియో ముందర నిలబడి, ఒక అరసెయ్యి ఎండలో సాపి, ఇంకో సెయ్యి నీడ దాని మీద పడనిచ్చి సూస్తాండె. నీడ అంచు కత్తితో కోసినట్ల ఉంటే ఎండ బాగుందని కెమెరా కన్ను సన్నగా పెడతాండె. అంచు మెత్తబడితే ఇంకొంచెం తెరుస్తాండె. అంతే. మీటరు కొనాలంటే ఆ కాలంలో... పోనీలే, అదొక కత.

అట్లాటి మనిషికే ఒకసారి నీడ అబద్ధం సెప్పింది, తెలుసునా? మీ నాయన ఇంకా పుట్టలేదు. సూర్యగ్రహణం పట్టె. నిండా మూసుకుంటాదని రేడియోలో సెప్పినారు. తుంగభద్ర ఒడ్డున మా అత్తగారి ఊర్లో బాగా కనపడ్తాదని మీ జేజినాయన కెమెరా ఎత్తుకొని నన్నూ పిల్సకపోయినాడు. ఊరంతా తలుపులేసుకునింది. మా అత్త కుండల మీద గరిక వేసి లోపల కూసుండె. "గ్రహణంలో బయటికి పోతారేంరా, కండ్లు పోతాయి" అని ఒకటే తిట్లు. ఆయమ్మ ఎట్లాటిదంటే, కొడుకు ఊరందరికీ ఫోటోలు తీస్తాడు గానీ తనను మటుకు తీయనిచ్చేది కాదు. ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గుతాదంట.

మేము ఇంటి ముందర నిలబడినాం. నల్ల ఫిలిం ముక్క అడ్డం పెట్టుకొని ఈయన సూర్యుణ్ణే సూస్తాండాడు. నేను యాపసెట్టు కింద సూస్తి. అబ్బా! ఆకుల సందుల్లోంచి పడే ఎండ సుక్కలన్నీ కొడవళ్లు అయిపోయినాయమ్మా. నేల నిండా కొడవళ్లే. ఈయన సెయ్యి సాపె. నీడ ఎప్పుడూ లేనంత పదునుగా ఉంది. వెలుతురేమో సచ్చిపోతాంది. "ఇదేందే, నీడేమో మిట్టమద్యానం అంటాంది, ఎండేమో లేదు" అనె.

అంతలోకే పడమటి నుంచి సీకటి పరిగెత్తుకొని వచ్చె. కాకులు గమ్మున అయిపోయినాయి. సూర్యుడి తావులో నల్లటి బొక్క. దాని సుట్టూ తెల్లగా... ఎట్ల సెప్పేది, పట్టు పోగులు గాలికి విచ్చుకున్నట్ల.

కాకుల అరుపు ఆగిపోయేసరికి మా అత్తకు భయమైంది. కొడుక్కు ఏమాయెనో అని తలుపు తీసుకొని పరిగెత్తుకొని వచ్చె. "ఒరే" అని, తలెత్తె. కొంగు జారింది గూడా తెలీక, రెండు సేతులూ ఎత్తి అట్లనే నిలబడిపోయె.

మీ జేజినాయన సూర్యుణ్ణి వదిలేసి కెమెరా ఆమె పక్క తిప్పినాడు. గానీ సూసి సూసి ఆయన కండ్ల నిండా మచ్చలు. "మే, వెలుతురెంతుంది సెప్పు, నాకు తెలీడం లేదు" అనె. నాకేం తెలుస్తాది? ఎమ్మిగనూరులో మగ్గమింట్లో పుట్టినదాన్ని. నా సీర అంచు సూసుకుంటి. ఎర్ర అంచు, నల్లగా కనపడె. "ఎర్ర నూలు నల్లబడింది. రంగులు తెలీక మా నాయన మగ్గం దిగే మాపటి పొద్దు మాదిరి ఉంది" అంటి.

"సాలు" అనె. కెమెరాను సెట్టుకు అదిమిపెట్టి, దాని కన్ను తెరిసి, లోపల్లోపల ఒకటి, రెండు అని ఎంచుకుంటా నిలబడినాడు. మా అత్త కదిలితే పోయినట్లే. కదల్లేదమ్మా. ఆయన మూసినాడో లేదో, సూర్యుడికి ఒక పక్క బెత్తెడు, కాదు, అంత గూడా లేదు, ఆవగింజంత ఎండ పుట్టె. కోడి కూసె.

ఆదోనికి వచ్చి మందునీళ్లలో కాగితం వేస్తే, మెల్లగా ఆమె మొగం తేలొచ్చె. పసిపిల్ల మొగం! అంత గయ్యాళి అత్త. మీ జేజినాయన నీళ్లలో సెయ్యి పెట్టి అట్లనే ఉండిపోయినాడు.

ఊరికి తీసకపోయి ఇస్తిమి. తిడతాదని నేను ఎనక నిలబడితి. సానాసేపు సూసె. "నేను సూసినదాన్ని తీయలేదేంరా?" అనె.

"అదే తీసినా సూడుమ్మా" అన్నాడు ఆయన.

మళ్ల సూసె. కొంగుతో తుడిసి మళ్ల సూసె. ఇంక దాన్ని కింద పెట్టలేదు...

నీ కండ్లు సల్లగుండ తల్లీ. నువ్వూ ఏదో ఒకనాడు అంత పెద్దదాన్ని సూడాల, సూసి నోట మాట రాక నిలబడాల. ఆ పొద్దు నీ పక్కన నీ మనిషి ఉండాల...