ఇంకా అరగంట ఉంది

(గోజో దీవి. తా పీను మాత చర్చిలో మొక్కుబడులు వేలాడదీసే గది. ఆ గది గుమ్మం బయట రాతి బల్ల మీద ఇద్దరు పెద్దవాళ్ళు.)

"చెప్పు, విస్టిన్. ఇన్నేళ్ళుగా నన్ను తొలిచేస్తున్న సందేహం ఇదొక్కటే. ఆ రోజు మనం గెలిచామా, ఓడామా?"

"ఏ రోజు?"

"ఏ రోజని అడుగుతున్నావా? నువ్వా?"

"ఇన్నాళ్ళకి కనబడ్డావు. ఎలా ఉన్నావురా అనవు, నీ పెళ్ళాం బాగుందా అనవు. కూర్చున్నావో లేదో, సందేహం! మనూళ్ళో ఫాదర్లు లేరా? దీనికోసం ఓడెక్కి గోజో దాకా రావాలా?"

"నీకోసం రాలేదులే. నువ్విక్కడ ఉంటావని నాకేం తెలుసు?"

"మా అత్తారిల్లు ఆ గోడ అవతలే. పెళ్ళయి ఈ దీవికి వచ్చిన దగ్గర్నుంచి సాయంత్రమైతే నా చోటు ఈ బల్లే. లోపలికి మాత్రం... సరే, అది వదిలేయ్. ఆ సంచీలో ఏమిటి?"

"జున్ను."

"మాల్టా నుంచి గోజోకి జున్ను తెచ్చావా, స్పీరూ? జున్నుకి పేరుమోసిన గోజోకి? మా ఆవిడతో చెప్పానంటే రాత్రి అన్నం తినకుండా నవ్వుతుంది."

"నవ్వనీ. నన్ను చూసి నవ్వనివాళ్ళెవరున్నారు గనక."

"అదిగో, మళ్ళీ మొదలు. నేనేదో సరదాకి అన్నానురా."

"నువ్వన్నావని కాదు. మొన్న మనూరి ఫుట్‌బాల్ జట్టు సంగతి విన్నావా?"

"రేడియోలో విన్నాను. వాళ్ళ ఊళ్ళో ఆడినదాంట్లో ఒకటి-సున్నాతో ఓడారట. బుధవారం మన గడ్డ మీద రెండో ఆట."

"అచ్చం అప్పటిలాగే. అప్పుడూ అక్కడ ఒకటి-సున్నా. అప్పుడూ బుధవారమే. మనూరి జట్టు యూరప్ కప్పులో ఆడటం మళ్ళీ ఇదే కదా."

"అయితే ఏమిటట?"

"నిద్ర పట్టడంలేదురా. ఆ కుర్రాళ్ళకి కూడా అదే గతి పడుతుందేమోనని. నా మూలంగా."

"నీ మూలంగా ఎలా పడుతుంది? నువ్వేమైనా ఆడుతున్నావా? చేతికర్ర లేకుండా మెట్లే ఎక్కలేవు."

"అందుకే అడుగుతున్నాను. గెలిచామా, ఓడామా?"

"ఆ రోజు ఆట గెలిచాం. రెండు-ఒకటి. పోటీ నుంచి బయటికి పోయాం. పసిపిల్లవాణ్ణి అడిగినా చెప్తాడు."

"ఇప్పుడు చెప్తాడు. అప్పుడు మనకెవడు చెప్పాడు? రెండాటలూ కలిపితే చెరి రెండు. సమానమైతే ఇంకో అరగంట ఆడించేవాళ్ళు, అంతేగా మనకి తెలిసింది? పరాయి ఊళ్ళో కొట్టిన గోలుకి రెట్టింపు విలువని కొత్త రూలు పెట్టారని ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. ఫాదర్‌కీ తెలీదు, కమిటీకీ తెలీదు, రేడియోవాడికీ తెలీదు. మరి నువ్వొక్కడివే ఎందుకు మోస్తున్నావు?"

"నాకు చెప్పాడురా, రెఫరీ."

"ఏమిటీ?"

"ఆట మొదలెట్టే ముందు నాణెం ఎగరేశాడు కదా. అప్పుడు నావంకా, ఆ లక్సెంబర్గ్ కెప్టెన్ వంకా చూసి ఫ్రెంచిలో ఏదో చెప్పాడు. వేళ్ళు చూపించాడు, ఒకటి, రెండు అని. అర్థమైందా అన్నట్టు తలెగరేశాడు."

"నువ్వేమన్నావు?"

"ఊపాను."

"ఏమి ఊపావు?"

"తల ఊపానురా! వెనకాల ఊరంతా ఉంది. మా నాన్న ఉన్నాడు. బ్యాండు మేళం ఉంది. కెప్టెన్ని. అర్థం కాలేదని ఎలా అంటాను? అర్థమైందన్నట్టు దర్జాగా ఊపాను."

"ఓరి నీ..."

"తిట్టు. తిట్టరా. ఇది మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"తిట్టడంలేదు. నేనైనా ఊపేవాణ్ణే. రెండుసార్లు ఊపేవాణ్ణి."

"రెండు-సున్నా ఉన్నంతసేపూ బాగానే ఉంది. ఆ తర్వాత వాళ్ళొకటి కొట్టారు. ఇంకా పావుగంట ఉంది. ఆ పావుగంట మేం ప్రాణం పెట్టి ఆడుంటే ఇంకో గోలు వచ్చేదేమో. నేనేం చేశాను? 'నెమ్మదిగా ఆడండర్రా, కాళ్ళు దాచుకోండి, ఇంకా అరగంట ఉంది' అని అరిచాను. అందరూ విన్నారు. బంతిని వెనక్కీ ముందుకీ తన్నుకుంటూ కూర్చున్నాం."

"జనం చప్పట్లు కొట్టారు కూడా. 'మా స్పీరు తెలివి చూడండి' అన్నాడు నా పక్కనాయన."

"విజిల్ ఊదాడు. మేమంతా ఆ దుమ్ములో వెల్లకిలా పడుకుని కాళ్ళకి నూనె రాయించుకుంటున్నాం. వాళ్ళేమో ఎగురుతున్నారు, ఒకళ్ళనొకళ్ళు ముద్దు పెట్టుకుంటున్నారు. 'వీళ్ళకేం పిచ్చి? అప్పుడే పండగేమిటి?' అనుకున్నాను. నవ్వానురా! పడుకుని, వాళ్ళని చూసి నవ్వాను. రెఫరీ వచ్చి నా చెయ్యి పట్టుకుని లేపాడు. ఆటకి లేపుతున్నాడనుకున్నాను. షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్ళిపోయాడు."

"ఇంక చాల్లే, స్పీరూ."

"బ్యాండు క్లబ్బులో కాఫీ అడిగితే, 'తొందరేముంది స్పీరూ, ఇంకా అరగంట ఉంది'. డాక్‌యార్డులో పని దిగే వేళకి అదే మాట. నా కూతురి పెళ్ళికి కారు ఆలస్యమైతే ఫాదరే అన్నాడు. అవన్నీ సరే. మా ఆవిడ పోయినప్పుడు... శవపేటిక దింపుతున్నాం. తాడు జారుతోంది. 'నెమ్మదిగా, నెమ్మదిగా' అన్నాన్నేను. వెనకాల ఎవడో గొణిగాడు, 'ఇంకా అరగంట ఉంది' అని. ఇద్దరు ముగ్గురు నవ్వు ఆగక దగ్గారు."

"ఎవడు వాడు?"

"మంచివాడే. నోరు జారింది. తర్వాత ఇంటికొచ్చి ఏడ్చాడు. నేనే ఓదార్చాను. ఇదంతా ఇవాళ తీర్చేద్దామని వచ్చాను."

"ఏం తీర్చేద్దామని? సంచీ అలా వెనక్కి లాక్కుంటావేం? జున్నుకి తాళ్ళుంటాయా?"

"అది... తాడు కట్టిన జున్ను."

"ఏదీ, ఇలా ఇయ్యి."

"వద్దురా. విస్టిన్, వద్దు. నీ ముందు వద్దు."

"ఇయ్యి అన్నానా... ఓహో. ఓహోహో. నా బూట్లు!"

"నీ బూట్లే."

"మా మామయ్య ఇంగ్లండ్ నుంచి ఓడ మీద తెచ్చిన బూట్లు! చూడు, లోపల నేను చెక్కిన శిలువ గుర్తు అలాగే ఉంది. తోలు ఎంత మెత్తగా ఉంచావురా."

"ఏటా నూనె రాస్తాను."

"నేను ఒక్కసారి కూడా తొడగలేదు వీటిని. ఆ రోజు పొద్దున నీ ఎడమ బూటు అడుగు ఊడిపోయింది. నేనెలాగూ పన్నెండోవాణ్ణి. అప్పట్లో మధ్యలో మనిషిని మార్చే పద్ధతే లేదాయె. 'కోటేసుకుని కూర్చునేవాడికి బూట్లెందుకు, వేసుకో' అన్నాను."

"'ఆట కాగానే ఇచ్చేస్తా' అన్నాను."

"అన్నావు. మరి ఇవ్వలేదేం? సిగ్గా?"

"సిగ్గు కాదు. సిగ్గే. వినరా. మైదానంలోకి వచ్చే ముందు, ఆ చీకటి సందులో, తా పీను మాతని తలుచుకున్నాను. 'తల్లీ, గెలిపించు. ఈ బూట్లు తెచ్చి నీ గదిలో వేలాడదీస్తాను' అని మొక్కాను."

"నా బూట్లా!"

"తొందరలో 'ఈ బూట్లు' అనేశాను. నోట్లోంచి వచ్చేశాక గుర్తొచ్చింది నావి కావని. ఇక చూసుకో. నీకిద్దామంటే ఆ తల్లికి మాటిచ్చాను. ఆ తల్లికిద్దామంటే నీ సొత్తు. అసలు ఇవ్వాలో అక్కర్లేదో కూడా తెలీదు, గెలిచామో ఓడామో తెలిస్తేగా? ఏ ఫాదర్ని అడిగినా ముందు నవ్వుతాడు, తర్వాత సమాధానం చెప్తాడు. అందుకని అడగలేదు. మంచం కింద పెట్టుకున్నాను."

"ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ. ఇప్పుడు కుర్రాళ్ళు మళ్ళీ దిగుతున్నారు. నేను మాట తప్పినవాణ్ణి. మనూరి మీద ఆ తల్లికి కోపముంటే అది నా వల్లే. బుధవారం లోపు తేల్చుకోవాలి. అందుకే వచ్చాను. దొంగలా వచ్చానురా, నీ ఊరికే, నీ బూట్లు పట్టుకుని."

"అయ్యా, మీరిద్దరూ లోపలికి వస్తారా? మొక్కుబడి ఏదైనా ఉంటే నాకివ్వండి, ఈ గది చూసుకునేది నేనే."

"వస్తాం మర్యానమ్మా. గది మూసేస్తున్నావా?"

"తొందరేం లేదు విస్టిన్ గారూ. ఇంకా అరగంట ఉంది."

"హహ్హహ్హా!"

"ఎందుకయ్యా అలా నవ్వుతున్నారు? నేనేమన్నాను? అయ్యో, ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారేం?"

"ఏం లేదమ్మా. వాడికి ఆ మాట పడదు. నువ్వెళ్ళు, వస్తాం."

"ఆవిడకి కూడా తెలుసురా!"

"తెలీదు. ఆవిడ గోజో మనిషి, బంతంటే ఏమిటో ఎరగదు. లే. నిలబడు. ఆ బూట్లు నా చేతికియ్యి."

"తీసుకో."

"అలా కాదు. చెప్పి ఇవ్వు."

"ఏం చెప్పాలి? విస్టిన్, ఇవిగో నీ బూట్లు. ఆట కాగానే ఇస్తానన్నాను. కొంచెం ఆలస్యమైంది."

"కొంచెమే. ముట్టాయి. నీకూ నాకూ సరి. ఇప్పుడు ఇవి నావి, అవునా? ఇప్పుడు నేను నీకు ఉత్తినే ఇస్తున్నాను. పట్టుకో. ఇకమీదట ఇవి నీవి. నీవి గనక ఎవరికిచ్చుకుంటావో నీ ఇష్టం."

"ఇంత సులువా?"

"మొదటి రోజే మా ఇంటికి వచ్చుంటే ఇంతే సులువు."

"మరి గెలుపు సంగతి? ఓడి ఉంటే ఇవ్వక్కర్లేదుగా. ఇస్తే అబద్ధం చెప్పినట్టవుతుందేమో. రాకుండా పోయిన మేలుకి దండం పెట్టినట్టు."

"నువ్వు లోపలికెళ్ళు. ఇచ్చి రా. నేనిక్కడే కూర్చుంటాను."

"నువ్వూ రా."

"నేను లోపలికి వెళ్ళను."

"ఇందాక కూడా సగం చెప్పి మింగావు. రోజూ గుమ్మం దాకా వచ్చి, లోపలికెళ్ళకపోవడమేమిటి? ప్రార్థనకి?"

"ప్రార్థన ఊరి చర్చిలో చేసుకుంటాను. ఈ గదిలోకి మాత్రం... నాకూ ఒక బాకీ ఉంది. కొవ్వొత్తి."

"ఒక్క కొవ్వొత్తేనా? దానికి ఇన్నేళ్ళు ఎందుకురా?"

"ఎందుకంటే మొక్కింది ఆ రోజే. నీ రెండో గోలు చూసి."

"నా గోలు చూసి నువ్వు మొక్కావా? పిచ్చాడా, మరి చెప్పవేం?"

"వినవయ్యా. మొత్తం విను. నువ్వు కొట్టావు. ఊరంతా లేచి 'స్పీరూ, స్పీరూ' అని అరిచారు. మా అమ్మ కూడా అరిచింది. నేను కోటేసుకుని కూర్చున్నాను. బంతిని కొట్టిన ఆ బూటు నాది. మెరుస్తోంది. ఒక్కసారి కూడా నా కాలికి తొడగని బూటు. 'తల్లీ, వీళ్ళని ఓడించు. కొవ్వొత్తి వెలిగిస్తాను' అన్నాను. ఆ మాట అన్న రెండు నిమిషాలకే వాళ్ళు గోలు కొట్టారు. నేను భయపడి 'వద్దు వద్దు' అన్నాను. అప్పటికే అయిపోయింది. ఇంక ఊళ్ళో నీ మొహం ఎలా చూడను? ఇక్కడ సంబంధం వస్తే వెంటనే ఒప్పుకుని వచ్చేశాను. కొవ్వొత్తి వెలిగిస్తే పాపం ఒప్పుకున్నట్టు. వెలిగించకపోతే మాట తప్పినట్టు. అందుకే గుమ్మం బయట."

"నువ్వు ఓడాలని అడిగావు."

"అడిగాను."

"నేను గెలవాలని అడిగాను."

"కొట్టాలంటే కొట్టరా. చేతికర్ర ఉందిగా."

"ఆగు. నన్ను ఆలోచించుకోనీ."

"అయ్యా, ఇంకా అక్కడే ఉన్నారా? మొక్కుబడికి కట్టే చీటీ రాస్తాను, రండి. ఎవరి పేరు రాయను?"

"వస్తున్నామమ్మా. ముందు వీడికొక కొవ్వొత్తి ఇవ్వు. నడు, విస్టిన్. నా చెయ్యి పట్టుకో, గడప ఎత్తుగా ఉంది. బుధవారానికి మన ఇద్దరిలో ఎవడి బాకీ మిగలకూడదు."

"స్పీరూ..."

"వెలిగించు. గాలికి ఆరకుండా నేను చెయ్యి అడ్డం పెడతాను. అదిగో. అంటుకుంది."

"ఆ కొక్కేనికి బూట్లు తగిలించండయ్యా, అక్కడ ఖాళీ ఉంది. ఊఁ, చెప్పండి. ఏ మేలు జరిగిందని రాయమంటారు?"

"గెలిచామని చెప్పరా, స్పీరూ. నీ మొక్కు అదేగా."

"మరి నీ కొవ్వొత్తి?"

"అయ్యా, ఏదో ఒకటి చెప్పండి."

"నాదీ విస్టిన్‌దీ, ఇద్దరి పేర్లూ రాయమ్మా. ఒకే రోజు, ఒకే ఆటలో, ఎవరు అడిగింది వాళ్ళకి ఆ తల్లి ఇచ్చిందని రాయి."